ఫీజు వేసేముందు

రైలుగేటు అవతల ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు పోయిన రాత్రి
పదకొండు నిమిషాల్లో కరెంటు ఇచ్చానని
రిజిస్టర్లో రాసుండా.
పది నిమిషాలకే ఇచ్చుండొచ్చు.
ఆ ఒక్క నిమిషం సంగతి చెప్తా.

పగలు స్తంభాలెక్కే నేను
సాయంత్రాలు గౌస్ బాషా సైకిల్ షాపు మిద్దెమీద
రేకులగదిలో హ్యామ్ క్లబ్బు మనిషిని.
గదికంతా ఒకే ఫ్యాను. అది మనుషులకి కాదు, సెట్టుకి.

ఎండాకాలం మధ్యాన్నం నలభై మీటర్ల మీద ఏముంటుంది?
పెనంలో చెనగ్గింజలు వేగే చప్పుడు.
యాడో ఉదయగిరి కొండల వెనక ఉరిమితే
ఇక్కడ స్పీకరు తుమ్ముతుంది.
ఆదివారం పొద్దున హాజరు పిలిస్తే
కనిగిరి నుంచి మాలకొండయ్య "వినపడతన్నానా" అంటాడు.
మాకు "నానా" ఒక్కటే దొరుకుతుంది.

ఆకాశం చేసే గోల కొంతే.
మిగతాది నాది.
పగిలిన ఇన్సులేటరు, వదులైన జంపరు,
తీగకి చిక్కిన గాలిపటం తోక.
తేనెపట్టు కదిపినట్టు బుర్రుమని
సూది తొమ్మిది దాటి కొట్టుకుంటుంది.
"ఏంది సామీ, మీ డిపార్టుమెంటు ఇయ్యాల కూడా
మాట్లాడనిచ్చేట్టు లేదే" అని
వెంగమాంబ లాగ్ బుక్కు మూస్తుంది.
నేను తలొంచుకుంటా.

మాకు మోర్సు నేర్పింది తెలుగు పంతులు శేషాద్రయ్య సారు.
చుక్క లఘువు, గీత గురువు.
నగణం, మగణం, నగణం: పడవ మునుగుతుండాది, లేవండిరా!
ర గణం దగ్గర మాత్రం చెయ్యి ఆపి,
"గురువు, లఘువు, గురువు. అంటే
నాది అయిపోయింది, ఇంక నువ్వు చెప్పు అని.
మర్చిపోతే మన ఊర్ని పిలవండి,
కా, వ, లీ."
ఇప్పుడాయనకి చెవుడు.
స్పీకరు మీద అరచెయ్యి పెట్టి వింటాడు.

రోహిణి కార్తె. ఊరంతా చీకటి.
మిద్దెలమీద విసనకర్రలు,
నన్నూ నా వంశాన్నీ తిట్టే పెద్దమనుషులు.
టార్చి పళ్లతో పట్టుకుని కొత్త తీగ చుడతా ఉండా.
నడుముకున్న హ్యాండ్‌సెట్టులో బాషా:
"అన్నా, సూది పడిపోయింది. సున్నా.
బ్యాండు కడిగిన పళ్లెం మాదిరుండాది.
తూర్పున ఎవురో ఉండారు."

సముద్రం మీద కింద చల్లగాలి, పైన వేడిగాలి
పరుపులు పరుపులుగా పరుచుకున్న రాత్రి
ఆ సందులో పడిన మాట
చేప జారినట్టు జారి ఈ ఒడ్డుకొస్తుందని
పుస్తకంలో చదివాం.
ఐదు ఎండాకాలాలు కాచుకున్నాం.

బాషా మైకుని స్పీకరుకి ఆనించాడు.
సన్నగా, దోమ పాడినట్టు,
పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒకాయన
సీక్యూ, సీక్యూ, ఎవరైనా ఉన్నారా అని.

ఫీజు బిగించేశా. స్విచ్చి హ్యాండిల్ చేతిలో ఉంది.
నెడితే నీకు ఫ్యాను.
నెడితే మాకు మళ్లీ తేనెటీగలు.
అక్కడ వెంగమాంబ జవాబు కొడతా ఉంది:
పేరు, ఊరు, ఎంత బాగా వినిపిస్తున్నావో.
ఆమె చెయ్యి నాకు తెలుసు, గీత కొంచెం సాగదీస్తుంది.
సారు అరచెయ్యి స్పీకరు మీదే ఉండుంటుంది.
హ్యాండిల్ ఇనుము ఒంటిగంట రాత్రి కూడా వెచ్చగా ఉంది.
అరవై దాకా లెక్కపెడదామనుకున్నా.
యాభై ఎనిమిది దగ్గర
ఎదురు మిద్దెమీద చంటిబిడ్డ మళ్లీ గుక్కపట్టింది.
నెట్టేశా.

వీధులన్నీ ఒక్కసారి హమ్మయ్య అన్నాయి.
అవతలాయన సెలవు చెప్పే డెబ్బైమూడులో
ఏడు వచ్చింది, మూడు రాలేదు.

వెంగమాంబ లాగ్ బుక్కులో టైము వేసింది.
నేను రిజిస్టర్లో వేశా.
రెండు పుస్తకాల్లోనూ ఉన్నది అదే నిమిషం.
ఒకదాంట్లో దాని పేరు అండమాన్,
ఇంకోదాంట్లో అంతరాయం.

తిట్టాలనుంటే తిట్టు.
కీ మీంచి చెయ్యి తీసేశా.
గురువు, లఘువు, గురువు.
కావలీ.